మూడు గీతల మాస్టారు

కంప్యూటర్ని "ఆయన" అన్న మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. తెర మీద ఏ అక్షరం కనపడినా ముందుకు వంగి, "ఏటంటన్నారండీ ఆయన?" అని అడిగేవారు. కరెంటు పోయి తెర నల్లబడితే, "పాపం, నిద్రపోనారు" అనేవారు. మొదట్లో నాకు నవ్వు ఆగేది కాదు. తర్వాత తెలిసింది, ఆయన నోట ఎవరికీ ఏకవచనం రాదని. ఆరో క్లాసు పిల్లని కూడా "ఏవండీ, కాస్త ఎనక్కి జరగండి" అని బతిమాలే డ్రిల్లు మాస్టారు ఆంధ్రదేశం మొత్తం మీద ఇంకొకరు ఉండి ఉండరు.

ఆయన పోయారని కిందటి నెల చోడవరం నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. "నీ బేస్‌బాల్ మాస్టారు పోయేరే" అంది. అలా అనడానికి కారణం ఉంది. తొంభై ఆరో తొంభై ఏడో, ఆ చలికాలం దాదాపు రెండు నెలలు ఆయన రోజూ సాయంత్రం నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. విశాఖపట్నంలో కంప్యూటర్ డిప్లొమా చేసి, బస్టాండు దగ్గర బట్టల కొట్టు మేడ మీద రెండు కంప్యూటర్లున్న సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. ఊరు మొత్తానికి నాకంటే ఎక్కువ కంప్యూటర్ తెలిసినవాళ్ళు లేరని నా నమ్మకం. ఉన్నా వాళ్ళు ఇంకా బయటపడలేదు.

అందరూ చెప్పులు గది గుమ్మం దగ్గర విడిచేవాళ్ళు. ఆయన కింద మెట్ల దగ్గరే విడిచి వట్టి కాళ్ళతో మేడెక్కేవారు. మొదటిరోజు వచ్చినప్పుడు చంకలో నాలుగు పొడుగాటి నోటుబుక్కులు, మెడలో నల్లదారానికి కట్టిన విజిలు ఉన్నాయి. ఆ విజిలు ఆయన ఊదగా నేను ఎన్నడూ వినలేదు. పిల్లల్ని పిలవాలంటే రెండు చప్పట్లు కొట్టేవారు.

"మేడంగారూ, ఆటల లెక్క కట్టే సాఫ్ట్‌వేరు ఉంటాదటండి. మన బేస్‌బాలుకి ఒకటి కావాలి" అన్నారు.

నేను బేస్‌బాల్ అనే మాట అప్పుడే మొదటిసారి విన్నాను. ఆడపిల్లలు కర్రలు పట్టుకుని హైస్కూలు వెనక పరిగెడుతుంటారని మాత్రం తెలుసు. ఆ తర్వాత ఒక సాయంత్రం వెళ్ళి చూశాను. అది ఒక రైతు చెరకు మడి. క్రషింగ్ మొదలయ్యాక చెరకు నరికి గోవాడ పంచదార ఫ్యాక్టరీకి తోలేసి, మళ్ళీ దున్నేదాకా ఆడుకోమని ఏటా మాస్టారికి ఇచ్చేవాడు. బ్యాటు మా వీధి వడ్రంగి చెక్కింది. తొమ్మిదిమందికి నాలుగే గ్లవ్స్. మిగతావి చెప్పులు కుట్టేవాడు పాత తోలు సంచులు కోసి కుట్టాడు. బేసులుగా, అంటే కొట్టిన పిల్ల పరిగెత్తి చేరవలసిన గుర్తులుగా, ఇసక నింపిన పంచదార గోనెలు పెట్టారు. ఆట మొదలయ్యే ముందు మాస్టారు వట్టికాళ్ళతో గోనె నుంచి గోనెకి నడిచి, అరికాలితో నేలంతా తడుముకునేవారు. నరికిన చెరకు దుబ్బు ఎక్కడ పొడుచుకొచ్చి ఉందో అలా తెలుసుకునేవారు. ఎన్ని తవ్వి పారేసినా మర్నాటికి ఇంకొకటి తేలేది.

ఆట జరుగుతున్నంతసేపూ సైకిలు సీటు మీద నోటుబుక్కు ఆనించి నిలబడి రాసేవారు. ఎవరైనా పిల్ల "నాను అవుటవలేదు మాస్టారూ" అని గోల చేస్తే "నేను సూసేనండి" అనేవారు. అంతే, ఇంక మాట్లాడేవాళ్ళు కాదు. ఆయన ఊతపదం అదొక్కటే. హెడ్మాస్టరు దగ్గర కూడా అదే అనేవారట. తను చూశాను అంటే లోకం నమ్మాలని ఆయన అనుకునేవారు. ఆయన కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయని ఇప్పుడనిపిస్తుంది.

ఎందుకంటే అంతకుముందు ఏడు లోకం నమ్మలేదు. రాష్ట్ర జట్టుకి ఎంపికలు విశాఖపట్నంలో జరిగాయి. ఎంపికైన పిల్లకి స్పోర్ట్స్ హాస్టల్లో సీటిస్తారు. తిండి, బట్ట, ఇంటరు, ఆపైన డిగ్రీ, అంతా వాళ్ళే చూసుకుంటారు. మాస్టారు నూకరత్నం అనే పిల్లని తీసుకెళ్ళారు. గోవాడ దగ్గర పల్లె. తండ్రి చెరకు బండి తోలేవాడు, తల్లి చెరకు నరికేది. రెండో బేసుకీ మూడో బేసుకీ మధ్య నిలబడి, నేల మీద దూసుకొచ్చే బంతిని ఆపడం ఈ పిల్ల పని. ఆ ఆటలో అన్నిటికంటే కష్టమైన చోటు అదేనట. ఎంపికల రోజున పిల్ల బెదిరిపోయి రెండు బంతులు వదిలేసింది. మాస్టారు వెంటనే నోటుబుక్కులు తీసి, "ఇది సూడండి, రెండేళ్ళ లెక్క, ఈవిడ ఎలాటి ఆటగత్తో తెలుస్తాది" అన్నారట. అక్కడున్న పెద్దమనిషి నాలుగు పేజీలు తిప్పి, "ఇది మీ చేతిరాతే కదా మాస్టారూ. మీ పిల్ల గురించి మీరు మంచిగా కాక ఇంకెలా రాస్తారు" అని తిరిగి చేతికిచ్చాడు.

"అబద్ధం రాసేనన్నట్టే కదండీ" అన్నారు నాతో. ఆయనకి కోపం రాదు. చెవులు ఎర్రబడేవి, అంతే. "నూకరత్నంగారు ఇప్పుడు పదోక్లాసండి. ఈ ఏడు తప్పితే మరి లేదు. పరీక్షలవ్వగానే కత్తట్టుకుని వాళ్ళమ్మ ఎనకాల ఎల్లిపోతారు. ఈసారి కాగితం నా చేతిరాత కాకూడదు. ఆయన సెప్పాలి" అని కంప్యూటర్ వైపు చూపించారు.

అలా మేమిద్దరం సాఫ్ట్‌వేర్ ఎంచడానికి కూర్చున్నాం. ఎంచడం అంటే ఇప్పటిలా కాదు. ఎవరి దగ్గర ఏ ఫ్లాపీ ఉందో కనుక్కోవాలి, అది పాడవకుండా ఊరు చేరాలి, చేరాక మా పాత కంప్యూటర్ దాన్ని మింగాలి.

మొదట మా సెంటర్ ఓనరు ఎక్కడినుంచో క్రికెట్ స్కోరు వేసే ఫ్లాపీ తెచ్చాడు. "రెండూ బ్యాటూ బంతే కదమ్మా" అన్నాడు. నడిపించగానే అది ఎన్ని ఓవర్లని అడిగింది. మాస్టారు తెర ముందు చేతులు కట్టుకుని, "మాకు ఓవర్లు లేవండి" అని ఎంతో వినయంగా చెప్పుకున్నారు. ఓవర్లు చెప్పందే అది కదల్లేదు. ఒక్క సాయంత్రంతో దాని కథ ముగిసింది.

తర్వాత నేను గళ్ళ పట్టీ తెరిచాను. లెక్కలు వేసుకునే మామూలు స్ప్రెడ్‌షీట్ అది. అడ్డంగా ఆటలు, నిలువుగా పిల్లల పేర్లు. అప్పుడు నోటుబుక్కు దగ్గరగా చూశాను. ఒక్కో పిల్ల కొట్టిన బంతులు, పరిగెత్తిన బేసులు, ఆపిన బంతులు అన్నీ చిన్న చిన్న గడుల్లో ఉన్నాయి. బంతిని బాగా కొట్టి బేసు చేరితే హిట్. ఆపవలసిన పిల్ల చేజారిస్తే ఎర్రర్. ఈ రెండూ కాక అక్కడక్కడా పక్కపక్కనే మూడు నిలువు గీతలు కనిపించాయి.

"ఇదేమిటండీ?"

"అది నేలండి. బంతి సక్కగా వస్తాది, ఆ అమ్మాయిగారు సక్కగానే వంగుతారు. మధ్యలో దుబ్బు తగిలి పక్కకి ఎగిరిపోతాది. దానికి ఎవరేటి సేస్తారు?"

"మరి ఆటలో దానికి రూలేదీ లేదా?"

"హిట్టని రాయమంటారండి. నాకు తెల్సు. కానీ కొట్టినావిడ అంత బాగా కొట్టలేదు కదా. బంతేసినావిడ బాగానే యేసేరు కదా. నేల సేసిన పనికి ఒకరికి మెప్పూ ఒకరికి మాటా ఎందుకండీ? నేను సూసేను. అందుకే ఏరే గుర్తు పెట్టేను."

ఇంకో సంగతి కూడా గమనించాను. హిట్లకి ప్రతి పేజీ కింద మొత్తం వేసి ఉంది. ఎర్రర్లకి లేదు. మూడేళ్ళలో ఒక్కచోట కూడా లేదు. ఎందుకు కూడలేదని అడిగితే, "అవి కూడి ఎవరికి సూపించాలండీ? రేపటికి మర్సిపోవాలి ఆళ్ళు" అన్నారు. నాకప్పుడది చేతకాని లెక్కలా కనిపించింది. వయసు అలాంటిది.

గళ్ళ పట్టీలో నిలువు గీత మీట మూడుసార్లు నొక్కి ఆయన గుర్తు తెర మీద చూపించాను. చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. "ఇదేనండి, ఇదే. ఒప్పుకున్నారే ఆయన!" మూడు సాయంత్రాలు కూర్చుని ఒక పుస్తకం మొత్తం ఎక్కించాం. ప్రింట్ తీశాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పారు. మొహంలో సంబరం మెల్లగా జారిపోయింది.

"ఇది నా నోటుబుక్కేనండి. మీరు టైపు సేసేరు, అంతే. ఆయన సెప్పినట్టు లేదు" అన్నారు.

నిజమే. ఎవరైనా టైపు చేసి తేగలిగిన కాగితంలాగే ఉంది.

మూడోది ఓనరు బావమరిది దగ్గర దొరికింది. అతను ఓడల్లో పనిచేసేవాడు. ఏ దేశంలోనో రెండు ఫ్లాపీల్లో కొనుక్కొచ్చాడు. అచ్చంగా బేస్‌బాల్ కోసమే రాసిన ప్రోగ్రాం. ప్రతి బంతికీ ఏం జరిగిందో మనం చెబితే చాలు. ఎవరు ఎంత బాగా కొడుతున్నారో, ఎవరు ఎంత బాగా ఆపుతున్నారో అదే లెక్కగట్టి, వరసలో పెట్టి, చుట్టూ గీతలు గీసి పైన ఇంగ్లీషు హెడ్డింగుతో అచ్చువేస్తుంది. ముందుగా రెండాటలు ఎక్కించి ప్రింట్ చూపించాను. మాస్టారు కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని వరసలన్నీ చూశారు. తర్వాత నూకరత్నం పేరు పక్కన ఉన్న అంకె మీద వేలు పెట్టారు.

"పాయింటు తర్వాత మూడంకెలండి!" అన్నారు మెల్లగా. "ఇంత సన్నంగా మనిషి లెక్క కట్టగలడా? ఇంక నా చేతిరాతని ఎవరంటారు?"

ఆ మూడంకెల దగ్గర ఆయన పడిపోయారు. నేనూ పడిపోయాను, అబద్ధమెందుకు. గళ్ళ పట్టీ ఏ ఊళ్ళోనైనా ఉంటుంది. ఈ ప్రోగ్రాం చోడవరంలో నడిపిస్తున్నది నేనే అని లోలోపల ఒక గర్వం. అయినా చెప్పాను. "మాస్టారూ, దీంట్లో మీ మూడు గీతలకి చోటు లేదు. హిట్ అనాలి, లేదా ఎర్రర్ అనాలి. ఏదో ఒకటి చెప్పకపోతే తర్వాతి బంతికి వెళ్ళదు."

ఆయన తెర వైపు తిరిగారు. "మీరు కాస్త నచ్చజెప్పండి ఆయనకి" అన్నారు. హాస్యానికి అనలేదు. ఏదో ఒక మార్గం నాకు తెలిసే ఉంటుందని ఆయన నమ్మకం. "చూస్తాలెండి" అన్నాను. ఆ ఒక్క మాట ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పటికీ గుర్తుంది.

ఎంపికలు ఆదివారం. శుక్రవారం మాస్టారు పిల్లల్ని తీసుకుని మాడుగుల వెళ్ళారు, అక్కడి హైస్కూలుతో ఆట ఉంది. వెళ్తూ, ఒక్కో పిల్ల మొత్తం ఎన్ని హిట్లు కొట్టిందో చీటీ రాసిచ్చారు, సరిచూసుకోమని. ఆ వారమంతా ఎక్కిస్తూ వచ్చిన మూడేళ్ళ పుస్తకాలు ముగించడానికి కూర్చున్నాను. మూడు గీతలు వచ్చిన చోటల్లా ముందు హిట్ అనే వేశాను, రూలు అదే అన్నారు కదా అని. చివర చూస్తే చీటీలో అంకెలకీ తెర మీద అంకెలకీ పొంతన లేదు. ప్రతి పిల్లకీ హిట్లు ఎక్కువొచ్చాయి. వెనక్కి వెళ్ళి అవన్నీ ఎర్రర్లుగా మార్చాను. ఒక్క అంకె తేడా లేకుండా సరిపోయింది. ఎర్రర్లకి ఆయన చీటీ ఇవ్వలేదు. ఇవ్వని చీటీతో పేచీ ఉండదు. లెక్క కుదిరింది, కరెంటు పోయేలోపు ప్రింట్ వచ్చింది, నా పని అయిపోయింది.

శనివారం సాయంత్రం మాస్టారు మాడుగుల హల్వా పొట్లంతో వచ్చారు. మొదట ఒక ముక్క తీసి కంప్యూటర్ పక్కన కాగితం మీద పెట్టి, తర్వాత నాకిచ్చారు. ప్రింట్ రెండు పేజీలు. మొదటిదాంట్లో కొట్టిన లెక్క, రెండోదాంట్లో ఆపిన లెక్క. ఆయన మొదటి పేజీ చీటీతో సరిచూసుకుని, కళ్ళకద్దుకుని, మడతపెట్టేశారు. రెండో పేజీ తిప్పలేదు. తిప్పమని నేనూ అనలేదు.

"మేడంగారూ, మీరు కూడా రావాలి. కంప్యూటర్ గురించి ఏదైనా అడిగితే నాకు సెప్పడం రాదు" అన్నారు. వెళ్ళాను. ఆ రోజు వెళ్ళకపోయినా జరిగేది జరిగేదే, కానీ నా కళ్ళతో చూసి ఉండేదాన్ని కాదు.

విశాఖపట్నంలో ఆ గ్రౌండు పచ్చగా, నున్నగా ఉంది. నూకరత్నం చెప్పులు విప్పి గడ్డి మీద కాలు పెట్టి, "ఇదేటి మాస్టారూ, పరుపులాగుంది" అని నవ్వింది. సన్నగా, పొడుగ్గా, రెండు జడలు మడిచి కట్టుకున్న పిల్ల. బంతులు వేయడం మొదలుపెట్టారు. ఎడమకి వేశారు, కుడికి వేశారు, పొట్టిగా వేశారు. ఒక్కటీ వదల్లేదు. దుబ్బుల్లో మూడేళ్ళు ఆడినదానికి అక్కడ బంతి చెప్పినట్టు వింటోంది. మాస్టారు లైను అవతల నిలబడి గాలిలోనే వేలితో ఏదో రాసుకుంటున్నారు. ఆట అంటే ఏమిటో తెలియని నేనే ఆపిన బంతులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

చివరికి ఆ చోటుకి ఇద్దరు పిల్లలు మిగిలారు. ఒక సీటు. బల్ల దగ్గర అదే పెద్దమనిషి. మాస్టారు రెండు చేతులతో కాగితాలు అందించారు.

"ఓ, కంప్యూటర్ ప్రింటే!" అన్నాడాయన మెచ్చుకోలుగా. మొదటి పేజీ చదివి తలూపాడు. రెండో పేజీ తిప్పాడు. ఆ పేజీ తిప్పి చదివిన మొదటి మనిషి ఆయనే. వేలు కిందకి జారి ఒకచోట ఆగింది.

"మాస్టారూ, ఈ అమ్మాయివి ఇన్ని ఎర్రర్లా? మీ మిగతా జట్టు మొత్తం కలిపినా ఇందులో సగం లేవు."

రైతు ఏటా మడిలో ఆ వైపే ఆఖరున నరికించేవాడు. ఇంకా తవ్వి తీయని దుబ్బులన్నీ నూకరత్నం నిలబడే చోటే ఉండేవి. మూడు గీతల్లో ముప్పాతిక పాలు ఆ పిల్ల గడుల్లోనే ఉన్నాయి. ఇవన్నీ నాకు ఆ క్షణంలోనే, ఆ బల్ల ముందే తట్టాయి.

మాస్టారు కాగితం తీసుకుని చూశారు. ఒకసారి తలెత్తి నా వైపు చూశారు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

"అవి నేలవండి" అన్నారు. "ఈవిడవి కావు. నేను సూసేనండి."

పెద్దమనిషి చెడ్డవాడేం కాదు. ఓపిగ్గానే చెప్పాడు. "పోయినేడు చేతిరాత నమ్మనన్నానని మీరే కంప్యూటర్‌లో వేయించారు. ఇప్పుడు కంప్యూటర్ది కూడా నమ్మొద్దంటే నేనేం చెయ్యనండీ? ఇవాళ బాగా ఆడింది, కాదనను. కానీ ఒక్క రోజు ఆటా, మూడేళ్ళ ఆటా? మీరే చెప్పండి."

నోటుబుక్కులు పట్టుకుని మూడేళ్ళ ఆట చూడమని పోయినేడు అడిగింది మాస్టారే. జవాబు నా దగ్గర ఉంది. అవన్నీ వేసింది నేనండీ, లెక్క కుదరడానికి వేశానండీ అని ఒక్క ముక్క అంటే చాలు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, ఊళ్ళో నాకంటే ఎక్కువ కంప్యూటర్ తెలిసినవాళ్ళు లేరు, అంతమంది ముందు నాకు తెలియదని ఒప్పుకోవాలి. ఒక అడుగు వెనక్కి వేశాను. రెండో పిల్ల పేరు రాసుకున్నారు.

తిరుగు బస్సులో ముగ్గురం ఒకే సీట్లో కూర్చున్నాం. మధ్యలో నూకరత్నం. ఏడవలేదు. గ్లవ్ ఒళ్ళో పెట్టుకుని దాని కుట్లు గిల్లుతూ కూర్చుంది. సబ్బవరం దాటాక అడిగింది.

"మాస్టారూ, నానన్ని వొగ్గేసేనేటండి?"

"లేదమ్మా. నువ్వేం వొగ్గలేదు" అన్నారాయన. ఎవరినైనా నువ్వు అనడం నేను విన్నది అదొక్కసారే.

"మరి కంప్యూటర్ ఎందుకలగ రాసింది?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. నేను టిక్కెట్టు మడతపెట్టాను, విప్పాను, మళ్ళీ మడతపెట్టాను. పిల్ల ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి ఇంక అడగలేదు. తన ఎర్రర్లు ఎన్నో మూడేళ్ళలో ఎప్పుడూ విని ఎరగని పిల్ల అది. ఆ రోజు విన్నది, నమ్మింది కూడా. ఎందుకు నమ్మదు? అచ్చులో ఉంది.

సోమవారం మాస్టారు సెంటర్‌కి వచ్చారు. లోపలికి రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డారు.

"ఆ మూడు గీతలు ఎక్కడేసేరండి?"

"ఎర్రర్లో వేశానండి. హిట్లో వేస్తే మీ చీటీతో కుదర్లేదు."

"ఇలగేస్తే కుదిరిందా?"

"కుదిరిందండి."

"అలగా" అన్నారు. "మీ తప్పేటీ లేదు మేడంగారూ. తొందర పెట్టింది నేను. ఆయన కాగితం కావాలన్నదీ నేనే." మెట్లు దిగి వెళ్ళిపోయారు. మళ్ళీ మేడెక్కలేదు. ఆ వేసవిలో నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. మాస్టారు నన్ను ఏమీ అనలేదు కదా, అంతటితో అయిపోయింది అనుకున్నాను. చాలా ఏళ్ళు హాయిగా అలాగే అనుకున్నాను.

పిన్ని ఫోన్ చేశాక చోడవరం వెళ్ళాను. మాస్టారి భార్య కాఫీ ఇచ్చింది. మాటల్లో నూకరత్నం సంగతి అడిగితే, "గోవాడలో ఫ్యాక్టరీ రోడ్డు మీద టిఫిన్ల కొట్టు పెట్టుకుంది. మా గుమ్మం ఎప్పుడూ తొక్కలేదమ్మా" అంది. అందులో నిష్ఠూరం ఉంది. ఆ గొంతు విన్నాక ఇంక ఊరుకోలేక ఆటో ఎక్కి గోవాడ వెళ్ళాను.

నలభై దాటిన మనిషి. పెనం ముందు నిలబడి అట్లు పోస్తోంది. నేనెవరో చెప్పుకుంటే, "కంప్యూటర్ మేడంగారా" అంది. బెంచీ మీద కూర్చోబెట్టి టీ ఇచ్చింది. జనం పల్చబడ్డాక మొత్తం చెప్పాను. మూడు గీతలంటే ఏమిటో, అవి ఎక్కడ వేశానో, ఎందుకు వేశానో చెప్పాను. ఆమె వింటూ అట్లకాడతో పెనం అంచు గీకుతూనే ఉంది.

"ఆ సోమారం సాయంత్రం మాస్టారు మా ఇంటికొచ్చేరండి" అంది. "మా అయ్య ముందు నిలబడి, 'ఆ కాగితం రాయించింది నేనే, తప్పు నాదే, మీ అమ్మాయిగారిది కాదు' అన్నారు. మీ పేరు ఎత్తలేదు. 'నీదైతే అక్కడ ఎందుకు సెప్పలేదు, మా ఆడగుంట బతుకు తీసేసి ఇప్పుడొచ్చి సెప్తన్నావా, మళ్ళీ గుమ్మం తొక్కకు' అని మా అయ్య అరిసేడు. ఆయన తలొంచుకుని ఎల్లిపోయేరు. నానూ అలగే అనుకున్నానండి. ఎదురుగా నవ్వుతా మాటాడి, ఎనక పుస్తకంలో నా పేరున తప్పులు రాసుకున్నాడీయన అని."

"తర్వాత ఎప్పుడూ మాట్లాడలేదా?"

"ఈ రోడ్డు మీదే సైకిలేసుకుని ఎల్లీవోరండి. ఆగి, 'నూకరత్నంగారూ, బాగున్నారా' అనీవోరు. నాను మొకం తిప్పేసుకునీదాన్ని. సైకిలు తొక్కలేకపోయేదాకా అలగే ఆగేరు, అలగే అడిగేరు. ఒక్కపాలి కూడా పలకలేదు." అట్లకాడ కింద పెట్టింది. "పోయేరని కబురొచ్చిందండి. కొట్టు కట్టీలేదు. సూడ్డానికి ఎల్లలేదు."

నేను క్షమించమనో ఇంకేదో అనబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది. నా మొహంలోకి పరీక్షగా చూసింది.

"ఆవేళ బస్సులో నాను అడిగినప్పుడు మీరు నా పక్కనే కదండీ కూకున్నారు?"

అవునన్నాను.